తాత ఫొటో కింద హోదా రాసేముందు

సంపాదకులకు నమస్కారం.

సైనిక దినోత్సవం వచ్చినా, పంద్రాగస్టు వచ్చినా మన తెలుగు పత్రికల్లో ఓ పాత ఫొటో తప్పకుండా పడుతుంది. కుచ్చు వదిలిన తలపాగా, మెడదాకా గుండీలు బిగించిన కోటు, రొమ్ము మీద రెండో మూడో పతకాలు. కింద ‘మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో మేజర్‌గా పనిచేసిన మా ముత్తాతగారు’ అని ఉంటుంది. ఫొటో 1915 ప్రాంతాలదై, ఆయన బ్రిటిష్ ఇండియా కాల్బలంలో ఉన్నవారైతే ఆ ‘మేజర్’ నిజం కావడానికి వీల్లేదు. ఆయన సుబేదార్ మేజర్ అయి ఉంటారు. ఇంట్లోవాళ్లు చెప్పేటప్పుడో, విలేకరి రాసుకునేటప్పుడో, డెస్కులో చోటు చాలకో ముందు మాట రాలిపోతోంది. ఇంకోచోట దీనికి పూర్తిగా తిరగబడి, సుబేదారుగా పింఛను తీసుకున్నాయన్ని ‘సాధారణ జవాను’ అని వేస్తున్నారు. రెండూ అన్యాయమే. మొదటిది ఆయనకు లేనిదాన్ని తగిలిస్తుంది, రెండోది ఏళ్లతరబడి చెమటోడ్చి సంపాదించుకున్నదాన్ని ఊడబెరుకుతుంది.

బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారులకు రెండు నిచ్చెనలుండేవి. ఒకటి కింగ్స్ కమిషన్, అంటే రాజు పేరిట ఇచ్చే అధికారి నియామకం: సెకండ్ లెఫ్టినెంట్, లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్, ఆపైన. రెండోది వైస్రాయ్ కమిషన్: జమేదారు, సుబేదారు, సుబేదార్ మేజర్, అంతే. మొదటి నిచ్చెన మీద చాలాకాలం తెల్లవాళ్లే ఉన్నారు, రెండోదాని మీద అంతా మనవాళ్లే. రెండో నిచ్చెన చిట్టచివరి మెట్టు కూడా మొదటిదాని అట్టడుగు మెట్టు కన్నా కిందే. అంటే గడ్డం నెరిసిన సుబేదార్ మేజర్, నిన్న బొంబాయిలో ఓడ దిగిన ఇరవయ్యేళ్ల సెకండ్ లెఫ్టినెంటుకు సెల్యూట్ చేయాలి. సుబేదార్ మేజర్ హుకుం భారతీయ సిపాయిల మీదే చెల్లుతుంది. తెల్ల సోల్జరు ఆయనకు సెల్యూట్ చేయనక్కర్లేదు. పటాలం లోపల మాత్రం ఆయన గౌరవం ఆయనదే. సిపాయిలే కాదు, తెల్ల అధికారులు కూడా ‘సుబేదార్ సాహెబ్’ అనే పిలిచేవారు.

పాత కాగితాల్లో వీళ్లను మొదట ‘నేటివ్ ఆఫీసర్’ అనీ, తర్వాత ‘ఇండియన్ ఆఫీసర్’ అనీ రాశారు. ‘వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్’ అన్న పేరు స్థిరపడింది రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలంలో. స్వతంత్రం వచ్చాక వీళ్లే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు. జమేదారు 1965లో నాయబ్ సుబేదారు అయ్యాడు. కాబట్టి 1910 నాటి కాగితంలో ‘ఇండియన్ ఆఫీసర్’ అని కనబడగానే లెఫ్టినెంటనో కెప్టెననో అనుకోకూడదు.

ఇక సంవత్సరాల లెక్క. మనవాళ్లకు కింగ్స్ కమిషన్ ఇస్తామని ప్రకటించింది 1917లో. మరుసటి ఏడు నుంచి ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కాలేజీలో ఏటా పది సీట్లు కేటాయించారు. ఇండోర్ డేలీ కాలేజీలో తర్ఫీదైన బ్యాచ్‌కి 1919లో కమిషన్లు వచ్చాయి, తర్వాత సైన్యాధిపతి అయిన కరియప్ప ఆ బ్యాచే. డెహ్రాడూన్ సైనిక అకాడమీ 1932 అక్టోబరు 1న నలభై మందితో మొదలైంది. అందుకని 1917కు ముందు కాల్బలంలో భారతీయ ‘కెప్టెన్’ అనగానే ఆగి చూడాలి. చూస్తే సాధారణంగా మూడు వివరణల్లో ఒకటి దొరుకుతుంది. ఆయన ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరై ఉండవచ్చు, అందులోకి పోటీ పరీక్ష రాసి మనవాళ్లు 1855 నుంచే వెళ్లారు. లేదా పదవీ విరమణ వేళ సుబేదార్ మేజర్లకు గౌరవంగా ఇచ్చే ఆనరరీ లెఫ్టినెంట్, ఆనరరీ కెప్టెన్ హోదా అయి ఉండవచ్చు. అది నిజమైన గౌరవమే, కానీ ‘ఆనరరీ’ అన్న మాటతోనే రాయాలి. లేదా ఆయన అసలు బ్రిటిష్ సైన్యంవారే కాకపోవచ్చు. హైదరాబాదు కుటుంబాల్లో ఎక్కువగా తేలేది ఈ మూడోదే.

ఎందుకంటే ఈ ఒక్క ఊళ్లో మూడు సైన్యాలుండేవి. లష్కర్ అని ఇప్పటికీ పిలుచుకునే సికింద్రాబాదులో ఉన్నది నిజాముతో చేసుకున్న 1798, 1800 ఒప్పందాల ప్రకారం నిలిపిన ఈస్టిండియా కుంఫిణీ వారి సబ్సిడరీ ఫోర్సు. అందులో మద్రాసు సైన్యం పటాలాలు వంతులవారీగా వచ్చి వెళ్లేవి. తెలుగు సిపాయి, తెలుగు హవల్దారు, తెలుగు సుబేదారు ఎక్కువగా ఉన్నది ఈ మద్రాసు పటాలాల్లోనే, వాళ్ల భార్యాబిడ్డలు కూడా లైన్లలోనే కాపురముండేవారు. బొల్లారం కేంద్రంగా ఉన్నది హైదరాబాద్ కాంటింజెంట్. దానికి ఖర్చు నిజాముది, పెత్తనం నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంటుది. మూడోది నిజాం సొంత ఫౌజు: రెగ్యులర్ దళాలు, గోల్కొండ బ్రిగేడు, ఏసీ గార్డ్స్ పేటకు పేరిచ్చిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, మొదటి యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా దాకా వెళ్లిన ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు. ఈ మూడో ఫౌజులో కమిషన్ ఇచ్చేది నిజాం. అక్కడ 1890లో కూడా హైదరాబాదీ కెప్టెన్, హైదరాబాదీ మేజర్ మామూలే. అంచేత ‘మా తాత కెప్టెన్’ అన్నవాళ్లు అబద్ధమాడుతున్నట్టు కాదు. ఎవరి సైన్యంలో కెప్టెన్ అన్నది అడగాలి, అడిగి రాయాలి.

నిజాం ఇలాకాలో ఇంకో చిక్కుంది. సుబా అంటే నాలుగైదు జిల్లాల రెవెన్యూ విభాగం, దానికి పెద్ద సుబేదారు. హనుమకొండలో సుబేదారి అన్న పేట ఆ కచేరీ వల్లే వచ్చింది. ఆయనకు సైన్యంతో సంబంధం లేదు. అలాగే చావుష్ అరబ్బు దళాల జమేదార్లు తమ సొంత మనుషుల్ని పోషించుకున్న సర్దార్లు. వాళ్లను కాల్బలం జమేదారుతో పోల్చకూడదు.

కాంటింజెంటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మన పత్రికల్లో ఎక్కువ కలగాపులగం అయ్యేది దాని దగ్గరే. 1813లో రెసిడెంట్ హెన్రీ రస్సెల్ పేరిట రస్సెల్ బ్రిగేడుగా మొదలైంది. దీని ఖర్చుల బాకీ పెరిగి పెరిగి 1853లో నిజాం ఇలాకాలోని బేరారు ప్రాంతం బ్రిటిష్ చేతికి పోయింది. ఆ తర్వాత కాల్బలం ఆరు రెజిమెంట్లు. ఇవి బొల్లారంతోపాటు ఔరంగాబాద్, జాల్నా, హింగోలి, ఎల్లిచ్‌పూర్, రాయచూరు వంటిచోట్ల ఉండేవి. 1902లో వైస్రాయ్ కర్జన్ ఏడాదికి 25 లక్షల రూపాయలకు బేరారును శాశ్వత కౌలుకు తీసుకున్నాడు, 1903లో కాంటింజెంటును ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. ఆరు రెజిమెంట్లకూ 94 నుంచి 99 దాకా నంబర్లు పడ్డాయి: 94, 95 రస్సెల్స్ ఇన్‌ఫాంట్రీ, 96 బేరార్, 97 డెక్కన్, 98 ఉత్త ఇన్‌ఫాంట్రీ, 99 డెక్కన్. 1922లో వీటినే 19వ హైదరాబాద్ రెజిమెంటు కింద బెటాలియన్లుగా మార్చారు. 94 ఒకటో బెటాలియనైంది, 96 రెండు, 97 మూడు, 98 నాలుగు, 99 ఐదు. 95 మాత్రం పదో నంబరుతో తర్ఫీదు బెటాలియనైంది. 1945 అక్టోబరు 27న రెజిమెంటు పేరే కుమావోన్ అయింది. ఇందువల్ల ఒకే మనిషి కాగితాల్లో మూడు పేర్లు కనబడవచ్చు. 1900లో ‘కాంటింజెంట్ ఐదో ఇన్‌ఫాంట్రీ’లో చేరి, 1914లో ‘98’లో పనిచేసి, 1922 తర్వాత ‘4/19 హైదరాబాద్’ (19వ హైదరాబాద్ రెజిమెంటు నాలుగో బెటాలియను) నుంచి పింఛను పుచ్చుకున్నాయన ఒకరే, పటాలమూ ఒకటే. ఏ ఏడాది మాట రాస్తున్నామో ఆ ఏడాది పేరే వాడాలి.

పేరులో హైదరాబాదు ఉంది గనక అందులో అంతా మన ప్రాంతంవాళ్లే అనుకోవడం ఇంకో పొరపాటు. 1922 తర్వాత ఆ రెజిమెంటులోకి తీసుకున్నది ప్రధానంగా కుమావోనీలను, జాట్లను, అహీర్లను, దక్కనీ ముస్లింలను. ‘యోధ జాతులు’ అన్న సిద్ధాంతం పట్టుకుని, 1880ల తర్వాత తెలుగు, తమిళ సిపాయిలను క్రమంగా పక్కకు నెట్టారు. మద్రాసులో సైన్యాధిపతిగా చేసిన రాబర్ట్స్ ఈ అభిప్రాయాన్ని గట్టిగా మోశాడు. ఉత్తరాది వాళ్లు కుంఫిణీ సిపాయిలను ‘తిలంగాలు’ అనేంతగా తొలి పటాలాల్లో నిండిపోయిన జాతికి ఈ గతి పట్టింది. 1941లో మద్రాస్ రెజిమెంటును మళ్లీ నిలబెట్టేదాకా కాల్బలంలో తెలుగువాడికి చోటు బహు తక్కువ. కాబట్టి 1930లలో ‘హైదరాబాద్ రెజిమెంటులో సుబేదారు’ అని ఓ తెలుగు ఇంట్లో చెబితే, అది నిజాం ఫౌజు తాలూకు హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీయేమో ముందు చూసుకోవాలి.

ఇక ఈ అధికారులు చేసిన పని. 1914కు ముందు బెటాలియన్‌లో 13 మంది బ్రిటిష్ అధికారులు, 17 మంది భారతీయ అధికారులు, ఏడువందల పైచిలుకు హవల్దార్లు, నాయక్‌లు, సిపాయిలు. ఎనిమిది కంపెనీలు, ఒక్కోదానికి సుబేదారు, ఆయన కింద జమేదారు. రెండేసి కంపెనీలను కలిపి డబుల్ కంపెనీ చేసి దాని మీద ఒక తెల్ల అధికారిని పెట్టారు. ఎనిమిది మంది సుబేదార్లలో ఒకరు సుబేదార్ మేజర్. కమాండింగ్ ఆఫీసరు పటాలం మనసు తెలుసుకునేది ఆయన ద్వారానే. దర్బారులో సిపాయిల మొర వినిపించేదీ, పై హుకుం సిపాయిలకు అర్థమయ్యేలా చెప్పేదీ ఆయనే. పరేడు, గార్డులు, పహరా వంతులు జమేదార్ అడ్జుటెంట్ చూసుకుంటాడు.

కంపెనీ సుబేదారుది ఇంటి యజమాని పనే. రంగరూట్లు, అంటే కొత్తగా చేరే కుర్రాళ్లు, చాలామటుకు ఆయన ఊరి చుట్టుపక్కలవాళ్లే, వాళ్ల పూచీ ఆయనదే. ఎవరికి సెలవివ్వాలో, ఎవరి పొలం తగాదా మీద జిల్లా కలెక్టరుకు ఉత్తరం రాయించాలో ఆయన చెప్పాలి. 1917కు ముందు శాంతికాలంలో సిపాయి తిండి సిపాయి జీతంలోంచే, సరుకులు పటాలం బనియా దగ్గర. ఆ బాకీలు ముదరకుండా చూడటం కూడా ఆయన మీదే పడేది. భారతీయ సిపాయిల కోర్టుమార్షల్‌లో సభ్యులుగా కూర్చునేదీ ఈ అధికారులే. సిపాయిగా చేరి నాయక్, హవల్దారు మెట్లెక్కి జమేదారు అయ్యేసరికి సాధారణంగా పదిహేనేళ్లు దాటేది. పెద్ద కుటుంబాల కుర్రాళ్లు కొద్దిమంది నేరుగా జమేదార్లుగా వచ్చేవారు గానీ వాళ్లు తక్కువ.

ఈ ఏర్పాటు లోపం 1914లో ఫ్రాన్సులో బయటపడింది. పదముగ్గురు తెల్ల అధికారుల్లో సగంమంది ఒక్క పోరులో పోతే బెటాలియన్‌ను నడిపేవాడు ఉండడు. బదులుగా పంపిన కొత్తవాళ్లకు సిపాయిల భాష రాదు. సుబేదార్లు అక్కడే ఉన్నారు, ధైర్యానికి లోటు లేదు. బెల్జియంలోని ఈప్ర దగ్గర 1915 ఏప్రిల్ 26న విషవాయువు మధ్య అధికారులు కూలిపోతే దళాన్ని పట్టి నిలిపి, గాయపడినవాళ్లను మోసుకొచ్చి విక్టోరియా క్రాస్ పొందిన మీర్ దస్త్ జమేదారే. కానీ మ్యాపు చదవడం, ఫిరంగి దళంతో సమన్వయం, కంపెనీని మించి నడిపించడం వీళ్లకెవరూ నేర్పలేదు. ఎప్పుడూ పైనొక తెల్ల అధికారి ఉంటాడన్న లెక్కమీదే తర్ఫీదు సాగింది. దీన్ని సుబేదార్ల చేతగానితనంగా రాసిన బ్రిటిష్ రాతలు చాలా ఉన్నాయి, మనం వాటిని ఎత్తి రాయకూడదు.

1923లో ప్రకటించిన ‘ఎనిమిది యూనిట్ల’ పథకంలో 4/19 హైదరాబాద్ ఒకటి. కింగ్స్ కమిషన్ పొందిన భారతీయులను ఆ ఎనిమిది యూనిట్లకే పంపాలి, తెల్లవాడు నల్లవాడి కింద పనిచేసే అవసరం రాకూడదు. లోపలి ఉద్దేశం అదే. దానితో ఇంకో దెబ్బ తగిలింది. డెహ్రాడూన్ నుంచి వచ్చిన కుర్ర అధికారులను ఆ యూనిట్లలో ప్లటూన్ కమాండర్లుగా వేసి, జమేదార్ల స్థానాలను క్రమంగా ఎత్తేయసాగారు. హవల్దారు ఎక్కాల్సిన మెట్టే పోయింది. ఎదురుగా ఉన్నది మన దేశస్థుడే అయినా పటాలంలో అసంతృప్తి రాదా? రెండో యుద్ధం ముంచుకొచ్చాక ఆ పథకాన్ని వదిలేశారు. తర్వాత సైన్యాధిపతి అయిన తిమ్మయ్య అదే 4/19 నుంచి వచ్చారు. 1945లో బర్మాలో కాంగా దగ్గర 8/19 హైదరాబాద్‌ను నడిపింది ఆయనే. మద్రాస్ పయొనీర్స్ రద్దయ్యాక 4/19కి వచ్చిన శ్రీనగేశ్ మన హైదరాబాదు కుటుంబం, తండ్రి నిజాం వైద్యుడు. 1955లో సైన్యాధిపతి, 1962లో ఆంధ్రప్రదేశ్ గవర్నరు. మొదటి పరమవీర చక్ర పొందిన సోమనాథ్ శర్మ కమిషన్ పొందింది కూడా 8/19 హైదరాబాద్‌లోనే. ఇన్ని పేర్లు ఈ రెజిమెంటు నుంచి వచ్చాయని బొల్లారంలో నడిచేవాళ్లలో ఎందరికి తెలుసు?

ఫొటో చదివే పద్ధతి చెబుతాను. ముందు పతకాలు ఎడమ రొమ్ము మీద ఉన్నాయో లేదో చూడండి. కుడివైపు ఉంటే ప్రింటు తిరగబడినదై ఉండవచ్చు, లేదా చనిపోయినవారి పతకాలు కొడుకు పెట్టుకుని దిగినదై ఉండవచ్చు. చేతి మీద వి ఆకారపు పట్టీలు మూడుంటే హవల్దారు, రెండుంటే నాయక్. పట్టీల్లేకపోతే భుజాలు చూడాలి. 1900కు ముందు ఫొటో అయితే కాలరు దగ్గర చూడాలి: ఒక్క కత్తి జమేదారుకు, అడ్డంగా పెట్టిన జంట కత్తులు సుబేదారుకు. 1900 నుంచి భుజం మీద ఒక నక్షత్రం జమేదారు, రెండు నక్షత్రాలు సుబేదారు, కిరీటం సుబేదార్ మేజర్. తప్పు పుట్టేది ఇక్కడే. తెల్ల మేజరుకూ కిరీటమే గుర్తు, లెఫ్టినెంటుకూ రెండు నక్షత్రాలే. గుర్తును మాత్రమే పుస్తకంలో పోల్చుకున్నవాళ్లు సుబేదార్ మేజరును మేజర్ చేసేస్తున్నారు. తర్వాతి కాలంలో వైస్రాయ్ కమిషన్ వాళ్లకు నక్షత్రం కింద ఎరుపు, పసుపు, ఎరుపు పట్టీ వచ్చింది. నలుపుతెలుపు ఫొటోలో రంగు తెలియకపోయినా అడ్డపట్టీ ఉందో లేదో కనబడుతుంది.

మెడలో రిబ్బనుకు వేలాడే పతకం ఉంటే అది ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా కావచ్చు. 1837లో పెట్టిన ఈ పతకం భారతీయ అధికారులకే. మొదటి తరగతికి ‘సర్దార్ బహదూర్’ బిరుదు, రోజుకు రెండు రూపాయల అదనపు భత్యం. రెండో తరగతికి ‘బహదూర్’, రోజుకో రూపాయి. మొదట లేత నీలం రిబ్బను ఇచ్చారు, తలనూనె అంటి మాసిపోతోందని ఏడాదిలోనే ముదురెరుపుకు మార్చారు. రాయ్ బహదూర్, ఖాన్ బహదూర్ బిరుదులు వేరు, వాటితో దీన్ని కలపొద్దు.

మొదటి యుద్ధం నాటి వెండి పతకం ఇంట్లో ఉంటే దాని అంచు చూడాలి. సుమారు 36 మిల్లీమీటర్ల బిళ్ల అంచున సన్నటి అక్షరాలు గుద్ది ఉంటాయి: నంబరు, హోదా, పేరు, పటాలం. సుబేదారుకు, జమేదారుకు సాధారణంగా నంబరుండదు, హోదాతోనే మొదలవుతుంది. నంబరుంటే అప్పటికి ఆయన హవల్దారో అంతకన్నా కిందో. అంచు మీది హోదా యుద్ధకాలానిది, రిటైరైనప్పటిది కాదు. కనుక పతకం మీద ‘హవల్దారు’, పింఛను కాగితంలో ‘సుబేదారు’ ఉంటే రెండూ నిజమే. అదే పతకం వెండికి బదులు కంచుదైతే ఆయన ఫాలోయరు, అంటే కూలీ దళం, వంట, సామాను మోత వంటి కొలువు. అదీ యుద్ధ సేవే, దాచాల్సిన పనిలేదు. పండగకు ఇత్తడి సామానుతోపాటు పతకాన్ని చింతపండు, బూడిద పెట్టి తోమకండి. మొదట అరిగిపోయేది అంచు అక్షరాలే. దీపం పక్కనుంచి పడేలా పెట్టి ఫోనుతో నాలుగు వైపులా ఫొటో తీస్తే చాలు. అక్షరాలు అందకపోతే పలచటి కాగితం చుట్టి మెత్తటి పెన్సిలు రుద్దితే తేలతాయి.

పటాలం నంబరు, సంవత్సరం దొరికాక ‘ఇండియన్ ఆర్మీ లిస్ట్’ తెరవాలి. మూడు నెలలకోసారి అచ్చయిన ఈ పుస్తకాల్లో ప్రతి రెజిమెంటు కింద భారతీయ అధికారుల పేర్లు, కమిషన్ తేదీలతో సహా ఉంటాయి. సిపాయిలు, హవల్దార్ల పేర్లుండవు. పేరు అక్కడుంటే అధికారే, అనుమానం అక్కర్లేదు. పాత సంచికలు కొన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేరు స్పెల్లింగు గుమాస్తా చెవికి విన్నట్టు ఉంటుంది గనక ఒక్క రూపమే వెతికి లేదని వదిలేయకూడదు. నిజాం ఫౌజువారి సంగతి అక్కడ దొరకదు. దానికి తార్నాకలోని రాష్ట్ర పత్రాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్) నిజాం దఫ్తరాలు చూడాలి, ఉర్దూ, ఫార్సీ చదవగలవాళ్లను వెంట తీసుకెళ్లాలి.

పత్రికకు మనవి ఇదొక్కటే. ఇలాంటి ఫొటో అందినప్పుడు హోదాను ఈనాటి హోదాలోకి మార్చకుండా కాగితంలో ఉన్నది ఉన్నట్టు వేయండి. పక్కనే ఎవరి సైన్యమో, ఆ ఏటి పటాలం నంబరేమిటో, ఏ సంవత్సరమో వేయండి. చోటు చాలకపోతే పొగడ్త తీసేసి పటాలం నంబరు ఉంచండి. ఫొటో పంపేవాళ్లను వెనకవైపు కూడా స్కాను తీసి పంపమనండి. స్టూడియో ముద్ర, ఊరు, పెన్సిలుతో రాసిన తారీఖు ఉంటే అక్కడే ఉంటాయి.

– ఒక పాఠకుడు, తిరుమలగిరి, సికింద్రాబాద్